పగలని పలక

గుంటూరు నుంచి గుంతకల్లు వైపు పోయే రైలు ఎక్కి కిటికీ పక్కన కూచోండి. నరసరావుపేట, వినుకొండ, దొనకొండ దాటేసరికి నేల తీరు మారిపోతుంది. మాగాణి తగ్గి మెట్ట పొలాలూ, రాతి దిబ్బలూ, ముళ్ళ చెట్లూ కనిపిస్తాయి. పడమటి దిక్కున నల్లమల కొండలు నీలపు తెర కట్టినట్టు నిలబడి ఉంటాయి. కొంతసేపటికి మార్కాపురం రోడ్డు అనే స్టేషను వస్తుంది. ఊరు స్టేషనుకు కాస్త ఎడంగా ఉన్నది.

ఇక్కడి నుంచి కంభం, గిద్దలూరుల దాకా ఉన్న ప్రాంతాన్ని పశ్చిమ ప్రకాశం అంటూ వచ్చారు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా ఇది కర్నూలు జిల్లాలో ఉండేది. ఇక్కడ వాన తక్కువ, రాయి ఎక్కువ.

నేను ఈ దారిన గిద్దలూరు వెళ్ళింది ఒక పాట కోసం. ఆ పాట సంగతి చివర చెబుతాను. అది అర్థం కావాలంటే ముందు మార్కాపురంలో దిగి పలకలు చూడాలి.

మార్కాపురంలో చెన్నకేశవస్వామి గుడి గోపురం ఎంతో దూరానికి కనిపిస్తుంది. కాని ఈ ఊరి పేరు ఇంటింటికీ తీసుకుపోయింది పలక. మీ తాతగారిని అడిగి చూడండి. ఆయన బలపం పట్టి "అ, ఆ" దిద్దిన పలక బహుశా ఈ నేల కడుపులో పుట్టినదే. వంద కోట్ల ఏళ్ళకు పూర్వం నీటి అడుగున పేరుకున్న సన్నని బురద, పైన పడిన బరువుకూ వేడికీ నలిగి రాయిగా మారింది. అది పొరలు పొరలుగా ఉంటుంది. ఉలి పెట్టి సుత్తితో మెల్లగా కొడితే పుస్తకం పేజీలు విడినట్టు విడుతుంది. ఇప్పుడు బడిపిల్లలకు నోటు పుస్తకాలు, రేకు పలకలు వచ్చాయి గనక రాతిపలకల వాడకం బాగా తగ్గింది. ఆ రాయే గోడలకూ నేలకూ పరిచే బిళ్ళలుగా దేశదేశాలకు పోతున్నది.

ఒక రాతి షెడ్డులో ఒక ముసలి పనివాడు పొరలు తీస్తూ కనిపించాడు.

"పెద్దాయనా, అసలు పగలని పలక చెయ్యటం కుదరదా?" అని అడిగాను.

ఆయన నవ్వి, "రాయి అన్నాక పగలక మానదు, సారూ. పగలకుండా చెయ్యాలని మందంగా తీస్తే పిల్లవాడు మొయ్యలేడు. అందుకని వంద పలకలు పంపాలంటే నాలుగు ఎక్కువ వేసి పంపేవాళ్ళం," అన్నాడు.

ఈ మాట గుర్తు పెట్టుకోండి. ప్రపంచంలోని పెద్ద పెద్ద కంప్యూటర్ల ఇంజనీర్లు కూడా చివరకు ఈ మాటకే వచ్చారు.

మీ అమ్మగారు ఫోనుతో మీ ఫోటో తీసి, దాన్ని దాచుకుంటారు. మీ నాన్నగారి బాంకు లెక్క, మీ పరీక్ష మార్కులు, పొలం కాగితాల నకళ్ళు కూడా ఇలాగే దాచబడతాయి. ఎక్కడ దాగుతాయి? ఎక్కడో ఒక చల్లని గదిలో, బీరువాలాంటి చట్రాలలో, సర్వర్లు అనే కంప్యూటరు పెట్టెలు వరసగా ఉంటాయి. వాటిలో సమాచారం దాచటానికే ఉన్నవాటిలో డిస్కులు బారులు తీరి ఉంటాయి. డిస్కు అంటే రాసి, తుడిచి, మళ్ళీ రాయదగిన ఒక రకం పలక అనుకోండి.

ఇటువంటి మొదటి డిస్కు యంత్రాన్ని ఐబీఎమ్ సంస్థ 1956లో అమ్మకానికి తెచ్చింది. అందులో రెండడుగుల వెడల్పు గల పళ్ళేలు 50 ఉండేవి. అన్నీ కలిసి 50 లక్షల అక్షరాలు పట్టేవి. ఈనాడు అరచేతిలో పట్టే ఒక డిస్కులో అటువంటివి లక్షలాది యంత్రాల సమాచారం పడుతుంది. దాని పళ్ళెం నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది. రాసే ముల్లు పళ్ళేన్ని తాకకుండా, తలవెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎడంలో తేలుతుంది. ఇంత నాజూకైన వస్తువు ఏదో ఒకనాడు చెడిపోదా?

చెడిపోతుంది. గూగుల్ సంస్థవారు లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో ఒక లెక్క ప్రకటించారు. కొత్త డిస్కులలో మొదటి ఏడాది నూటికి రెండు కన్న తక్కువే చెడిపోయాయి. మూడో ఏట నూటికి ఎనిమిదికి పైగా చెడిపోయాయి. నూటికి రెండంటే తక్కువని మీరనుకోవచ్చు. కాని లక్ష డిస్కులున్న చోట నూటికి రెండంటే ఏడాదికి 2000. అంటే ప్రతి రోజూ అయిదో ఆరో డిస్కులు పోతున్నాయన్న మాట. ఇంట్లో ఎప్పుడో జరిగే ప్రమాదం, అక్కడ ప్రతిరోజూ పొద్దున్నే జరిగే మామూలు పని.

అందుచేత ఇంజనీర్లు "పగలని పలక ఎలా చెయ్యాలి?" అని అడగటం మానేసి, "పలక పగిలితే ఎంత నష్టం? ఆ నష్టాన్ని ఎలా చిన్నది చెయ్యాలి?" అని అడగసాగారు. 1988లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ అనే ముగ్గురు, ఎంతో ఖరీదైన ఒక పెద్ద డిస్కుకు బదులు అనేక చవక డిస్కులను బారుగా వాడవచ్చునని ఒక వ్యాసంలో చూపారు. దీనికి రెయిడ్ అని పేరు వచ్చింది. ఒక్కటి పోయినా పని ఆగకూడదన్నదే అందులోని కిటుకు.

ఎలాగో మీరే చేసి చూడండి. మూడు పలకలు తీసుకోండి, పలకలు లేకపోతే మూడు కాగితాలైనా చాలు. మొదటి దాని మీద 7, రెండో దాని మీద 5, మూడో దాని మీద 8 వెయ్యండి. ఇవి పోకూడదు. అన్నిటికన్న తేలిక పద్ధతి ప్రతిదానికీ ఒక నకలు రాసుకోవటం. అప్పుడు ఆరు పలకలు కావాలి, ఖర్చు రెట్టింపు అవుతుంది. ఇంతకన్న పొదుపైన దారి ఉన్నది. నాలుగో పలక మీద ఈ మూడిటి మొత్తం, అంటే 20, వెయ్యండి. దాన్ని కూడిక పలక అందాం. ఇప్పుడు మీ తమ్ముడిని పిలిచి ఏదో ఒక పలక దాచెయ్యమనండి. వాడు రెండోది దాచాడు. 20 లోంచి 7, 8 తీసెయ్యండి, 5 మిగులుతుంది. పోయిన పలక తిరిగి వచ్చింది! వాడు కూడిక పలకనే దాచితే మరీ మంచిది, మళ్ళీ కూడుకుంటే సరి. నాలుగు పలకలలో ఏ ఒక్కటి పోయినా భయం లేదు. కంప్యూటరు చేసే కూడిక వేరే తరహాది, కాని యుక్తి ఇదే.

తమ్ముడు గడుసువాడై రెండు పలకలు దాచాడనుకోండి. అప్పుడు ఒక్క కూడిక పలక చాలదు. అయిదో పలక ఒకటి తీసుకుని, మొదటి అంకెను ఒకసారి, రెండోదాన్ని రెండుసార్లు, మూడోదాన్ని మూడుసార్లు లెక్కవేసి కూడండి. 7, 10, 24 కలిపి 41. ఇప్పుడు మొదటి రెండు పలకలూ పోయాయి. మిగిలిన పలక 8. 20 లోంచి 8 పోతే 12, ఇది పోయిన రెండిటి మొత్తం. 41 లోంచి 24 పోతే 17. ఇందులో రెండో అంకె రెండుసార్లు ఉన్నది, 12లో ఒక్కసారే ఉన్నది. కనక 17కూ 12కూ తేడా అయిన 5 రెండో పలక. మిగతా 7 మొదటిది. ఇటువంటి ఉపాయాన్నే ఇంకా పెద్ద గణితంతో 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సాలమన్ అనే ఇద్దరు ప్రకటించారు. అంగట్లో డబ్బు కట్టటానికి ఫోనుతో చూసే క్యూఆర్ గుర్తు మీద కొంచెం మరక పడినా అది పని చేస్తుంది, చూశారా? అది వారి చలవే.

ఇంకొక సంగతి. పగిలిన పలక కంటికి కనిపిస్తుంది. కాని ఎవరి చెయ్యో తగిలి 8 కాస్తా 3 అయితే? డిస్కులో కూడా అప్పుడప్పుడూ చప్పుడు లేకుండా ఒక ముక్క మారిపోతుంది. అందుచేత ప్రతి ముక్క పక్కనా దాని సొంత గుర్తు లెక్క ఒకటి రాసి ఉంచుతారు. పంతులుగారు వారానికొకసారి అందరి పలకలూ చూసినట్టు, సర్వరు కూడా తీరిక వేళల డిస్కులన్నీ చదివి గుర్తులు సరిచూసుకుంటుంది. తప్పు కనిపిస్తే కూడిక పలక సాయంతో దిద్దుకుంటుంది.

మార్కాపురం వదిలి మళ్ళీ రైలెక్కితే, తర్లుపాడు దాటాక కంభం వస్తుంది. అక్కడ తప్పక దిగాలి. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ నదికి అడ్డంగా రెండు కొండల నడుమ కట్ట వేసి చేసిన చెరువు అక్కడ ఉన్నది. కట్ట ఎత్తు సుమారు 57 అడుగులు. చెరువు నిండితే పొడుగు 7 కిలోమీటర్లు, వెడల్పు మూడున్నర కిలోమీటర్లు ఉంటుంది. దీన్ని శ్రీకృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘంవారు దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించారు.

నేను కట్ట మీద నిలబడి ఉండగా ఒక కుర్రవాడు మేకలు తోలుకుంటూ వచ్చాడు.

"ఏమబ్బీ, ఈ కట్ట తెగితే ఏమవుతుంది?" అన్నాను.

వాడు కింద ఉన్న పచ్చని పొలాలకేసి చెయ్యి చూపి, "ఇంకేముంటది సారూ, అంతా పోతది," అన్నాడు.

ఎంత బలమైన కట్ట అయినా, అన్ని నీళ్ళూ ఒక్కదాని వెనకే ఉన్నాయి. అందుకే పాతకాలంవారు కట్టలో బలం నింపి ఊరుకోలేదు. నీరు మితిమీరితే కట్ట మీది నుంచి పొర్లకుండా పక్కగా పోవటానికి చెరువులకు అలుగు పెట్టారు. గొలుసుకట్టు చెరువుల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. పైచెరువు తెగితే ఆ నీళ్ళన్నీ కిందిచెరువు మీద పడతాయి. అదీ నిండుగా ఉంటే అదీ తెగుతుంది, దాని కిందిదీ తెగుతుంది.

సర్వర్లకు కూడా ఈ గండం ఉన్నది. ఒక సర్వరు చెడిపోతే దాని పని పక్కవాటి మీద పడుతుంది. అవి అప్పటికే మోయలేనంత మోస్తూ ఉంటే ఒకదాని వెనక ఒకటి కూలిపోతాయి. అందుచేత మంచి ఇంజనీరు ప్రతి సర్వరులోనూ కొంత జాగా, కొంత బలం వాడకుండా అట్టే పెడతాడు. పోయిన డిస్కును తిరిగి నింపేటప్పుడు కూడా తూము తీసినట్టు కొద్దికొద్దిగా నింపుతాడు, లేకపోతే మిగతా పనులన్నీ ఆగిపోతాయి. నింపటం మరీ ఆలస్యమైనా చిక్కే. ఈలోగా ఇంకొక డిస్కు పోవచ్చు.

చెరువు చెప్పే పాఠం మరొకటి ఉన్నది. మీ అయిదు పలకలూ ఒకే సంచిలో పెట్టి, ఆ సంచి మెట్ల మీద జారవిడిచారనుకోండి. కూడిక పలక ఏం చేస్తుంది? అదీ పగులుతుంది! కనక ఒక్కొక్క పలక ఒక్కొక్కరి సంచిలో ఉండాలి. సర్వరు పెట్టెకు కరెంటు ఇచ్చే సాధనాలు రెండేసి పెట్టి, ఒకటి పోతే రెండోది నడిపేటట్టు చేస్తారు. డిస్కులను సొరుగుల్లా అమర్చి, పెట్టె నడుస్తూ ఉండగానే చెడినదాన్ని లాగి కొత్తది తోసేటట్టు చేస్తారు. అయినా పెట్టె మొత్తం చెడవచ్చు. అరవై డిస్కుల పెట్టె ఆగితే అరవై పలకలు ఒక్కసారే పోయినట్టు.

బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికా సంస్థవారు 2015లో దీనికి చేసిన ఏర్పాటు చూడండి. వారు ఒక ఫైలును 17 ముక్కలు చేసి, వాటి నుంచి మరి 3 లెక్క ముక్కలు తయారుచేశారు. ఈ 20 ముక్కలనూ 20 వేరువేరు పెట్టెలలో ఒక్కొక్కటిగా దాచారు. ఏ 17 దొరికినా ఫైలు తిరిగి వస్తుంది. అంటే మూడు పెట్టెలు నిలువునా చెడినా ఒక్క అక్షరం కూడా పోదు. 17 ముక్కలకు మూడేసి నకళ్ళు రాస్తే 51 పలకలు కావాలి, ఇక్కడ 20తోనే పని జరిగిపోయింది.

పెట్టెలన్నీ ఉన్న ఇంటికే నిప్పంటుకుంటే? అందుకు ఇళ్ళు కూడా వేరు కావాలి. 2022 నవంబరులో అమెజాన్ సంస్థవారు హైదరాబాదులో తమ సర్వర్ల కేంద్రాన్ని తెరిచినప్పుడు దాన్ని మూడు విడివిడి మండలాలుగా ఏర్పరిచారు. ఒకదాని కరెంటు పోయినా, ఒకదానిలో వరదనీరు చేరినా, మిగతావి నడవాలని వారి ఉద్దేశం.

కంభం తరవాత గిద్దలూరు. ఇక్కడ నుంచి రైలు దిగువమెట్ట దాటి నల్లమల అడవిలోకి దూరిపోతుంది. గిద్దలూరుకు దక్షిణంగా, కడప జిల్లాలో పోరుమామిళ్ళ అనే ఊరున్నది. అక్కడి చెరువును 1369లో, విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించాడు. రోజుకు 1000 మంది కూలీలు, 100 బండ్లు, రెండేళ్ళ పని. ఆ సంగతులన్నీ అక్కడి శాసనంలో ఉన్నాయి. అందులో మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలతో పాటు, ఉండకూడని 6 దోషాలు కూడా చెక్కారు. కట్ట నుంచి నీరు ఊరటం, చవిటి నేల, రెండు రాజ్యాల పొలిమేరన ఉండటం, చెరువు మధ్య మెరక, నీరు తక్కువై పొలం ఎక్కువ కావటం, నీరు ఎక్కువై పొలం తక్కువ కావటం. చూశారా? 650 ఏళ్ళ నాటి ఆ పెద్దలు కూడా "ఇది ఎలా చెడుతుంది?" అని ముందే ఆలోచించారు.

ఇక పాట సంగతి. గిద్దలూరులో మా పెద్దమ్మ ఉండేది. ఆమెకు తిరగలి పాటలు ఎన్నో వచ్చు. ఆమె మనమడు వాటిలో పదకొండు పాటలు ఫోనులో పట్టి, వాటిని ఒక డిస్కులోకి ఎక్కించి, ఫోనులో జాగా కోసం తుడిచేశాడు. ఆ తరవాత పెద్దమ్మ పోయింది. సంవత్సరీకం నాడు పాటలు విందామని డిస్కు తగిలిస్తే అది టకటకమని చప్పుడు చేసి ఆగిపోయింది. ఎంతమందికి చూపినా లాభం లేకపోయింది.

అయితే ఒక్క పాట బతికింది. హైదరాబాదులో ఉన్న మనమరాలు ఎప్పుడో ముచ్చటపడి అడిగితే, ఆమెకు ఒక పాట పంపాడట. ఆ పాట తిరిగి గిద్దలూరు వచ్చింది. నేను వెళ్ళిన సాయంత్రం మేమంతా వాకిట్లో కూచుని విన్నాం. పెద్దమ్మ మధ్యలో దగ్గింది, కోడిని అదిలించింది, మళ్ళీ పాట అందుకున్నది. మా పెదనాన్న ఏమీ అనలేదు. పాట అయిపోగానే, "ఇంకోసారి పెట్టు," అన్నాడు.

"నాదే తప్పు, బాబాయ్. మంచి డిస్కని చెబితే కొన్నాను," అన్నాడు మనమడు దిగులుగా.

"మంచిదే అయి ఉండవచ్చు. తప్పు డిస్కుది కాదురా, ఒక్కటే ఉండటానిది," అన్నాను నేను.

వాడు ఊరికే కూచోలేదు. పోయిన పది పాటల పేర్లూ గుర్తు చేసుకుని కాగితం మీద రాసి వీధిలో పెద్దవాళ్ళందరినీ అడిగాడు. పెద్దమ్మతో కలిసి తిరగలి తిప్పిన ముసలమ్మలకు వాటిలో నాలుగు వచ్చునట! వాడు ఇప్పుడు వాటిని పడుతున్నాడు. పాటలు దొరికినా, పెద్దమ్మ గొంతు మాత్రం ఆ ఒక్క పాటలోనే ఉన్నది.

మీ ఇంట్లో కూడా తాతగారి మాటలో, అమ్మమ్మ పాటలో, ఎవరివో ఫోటోలో ఉంటాయి. ఈ ఆదివారం మీ అమ్మానాన్నలతో కూచుని వాటికి మూడు నకళ్ళు చెయ్యండి. ఒకటి ఇంట్లో ఉంచండి. రెండోది వేరే రకం సాధనంలో పెట్టండి. మూడోది వేరే ఊళ్ళో ఉన్న చుట్టాల ఇంట్లో దాచండి. కూడిక పలకలు ఎన్ని ఉన్నా, మీ చేత్తో మీరు తుడిచేస్తే అన్నిచోట్లా తుడుచుకుపోతుంది. అందుకని దూరాన ఉన్న నకలును ఎవరూ ముట్టుకోకుండా ఉంచాలి. ఏడాదికొకసారి, సంక్రాంతికో ఉగాదికో, మూడిటినీ తెరిచి చూడాలి.

తిరుగు ప్రయాణంలో మార్కాపురం పెద్దాయన నాకొక పలక ఇచ్చాడు. రైల్లో దాని మూల విరిగింది. ఇంటికి వచ్చి పెట్టె విప్పితే, దాని కింద కాగితంలో చుట్టి ఆయన పెట్టిన రెండో పలక కనిపించింది.